బార్ ఏ దారిన వెళుతోంది?



కూర్చుని వింటున్నవాళ్ళు ఒక చిన్న పని చేయండి. బండి నడుపుతున్నవాళ్ళు ఇప్పుడు వద్దు, ఇంటికి వెళ్ళాక చేద్దురుగాని. భుజం ఇప్పటికే నొప్పిగా ఉన్నవాళ్ళు వింటే చాలు.

కుడిచెయ్యి పక్కకు చాపండి. బొటనవేలు నేలను చూసేలా అరచేతిని వెనక్కి తిప్పండి. ఆ చేతిని అలాగే మెల్లగా పైకి ఎత్తండి. బలవంతం చేయకండి. భుజం ఎత్తు దాటాక ఎక్కడో బిగిసింది కదా? సరే, దించేయండి. ఇప్పుడు బొటనవేలు ఆకాశం వైపు తిప్పండి. మళ్ళీ ఎత్తండి. ఈసారి చెవి దాకా హాయిగా వెళ్ళిపోయి ఉంటుంది.

చెయ్యి అదే. భుజం అదే. చేతిలో బరువేమీ లేదు. మారింది బొటనవేలు చూసే దిక్కు ఒక్కటే. ఉత్త చేతికే ఇంత తేడా ఉంటే, ఆ చేతిలో పది కిలోల డంబెల్ ఉన్నప్పుడు? రోజూ నాలుగు సెట్లు, నెలల తరబడి?

బరువులు ఎత్తితే భుజాలు పాడవుతాయా అని చాలామంది అడుగుతుంటారు. పిల్లల్ని జిమ్‌కి పంపే తల్లులైతే మరీ భయంగా అడుగుతారు. నా జవాబు ఒక్కటే. ఎంత బరువు ఎత్తుతున్నారన్నది రెండో ప్రశ్న. ఆ బరువు ఏ దారిన వెళుతోందన్నది మొదటి ప్రశ్న. ఈ మాట ఇవాళ మళ్ళీ మళ్ళీ చెబుతాను, విసుక్కోకండి.

ముందు కీలు సంగతి చూద్దాం. బడుల్లో చెంచా నిమ్మకాయ పందెం పెడతారు కదా, భుజం కీలు అచ్చం అలాంటిది. చేతి ఎముక పైకొన గుండ్రంగా, నున్నగా ఉంటుంది. అది కూర్చునే గుంట మాత్రం చిన్నది, లోతు లేనిది. తుంటి కీలు అలా కాదు. అక్కడ గుండు లోతైన గుంటలో దిగబడి ఉంటుంది, అందుకే తుంటి అంత తేలిగ్గా జారదు. భుజానికి ఆ భద్రత లేదు. ఆ భద్రత వదులుకున్నందుకే మనం చేతిని ముందుకూ వెనక్కూ పైకీ ఎటంటే అటు తిప్పగలుగుతున్నాం.

మరి పందెంలో గెలిచే పిల్ల ఏం చేస్తుంది? నిమ్మకాయ ఎటు దొర్లితే చెంచాను అటు వంచుతుంది. మన ఒంట్లో ఆ చెంచా వీపు మీద ఉంది. మెడకు దిగువన, వెన్నుకు రెండు పక్కలా చేతికి తగిలే బల్లపరుపు ఎముక. రెక్క ఎముక అందాం. చెయ్యి పైకి లేస్తున్నప్పుడు ఆ రెక్క ఎముక కూడా వీపు మీద తిరుగుతూ లేస్తుంది. చెయ్యి చెవి దాకా వెళ్ళే ప్రయాణంలో రెండు వంతులు కీలులో జరిగితే, ఒక వంతు ఈ రెక్క ఎముక తిరగడం వల్ల జరుగుతుంది. అది తిరగకపోతే ఆ మూడో వంతు పని కూడా కీలు మీదే పడుతుంది.

రెక్క ఎముక నుంచి నాలుగు చిన్న కండరాలు వచ్చి చేతి గుండును చుట్టూ పట్టుకుంటాయి. డాక్టర్లు వాటిని రొటేటర్ కఫ్ అంటారు. పైకి కనిపించే జబ్బ కండరం పెద్దది, చూడముచ్చటైనది. అది చేతిని పైకి లాగుతుంది. ఈ నలుగురు చిన్నవాళ్ళు మాత్రం గుండును గుంట మధ్యలో పట్టి ఉంచుతారు. వీళ్ళు అలిసిపోతే గుండు పైకో ముందుకో జరుగుతుంది. జిమ్ అద్దంలో వీళ్ళు కనిపించరు. అందుకే వీళ్ళకోసం ఎవరూ కసరత్తు చెయ్యరు.

ఆ నాలుగింటిలో పైనున్న కండరం కొన, అంటే ఎముకకు అతుక్కునే టెండన్, ఒక ఎముక చూరు కింద నుంచి వెళుతుంది. ఇందాక బొటనవేలు కిందికి తిప్పి ఎత్తినప్పుడు చేతి ఎముక మీది బొడిపె ఆ చూరు కిందికి వచ్చి అడ్డుపడింది. బొటనవేలు పైకి తిప్పగానే బొడిపె పక్కకు తప్పుకుంది. అంతే జరిగింది.

ఇక్కడ ఒక మాట. చూరుకు టెండన్ రాసుకోవడం వల్లే భుజం నొప్పులన్నీ వస్తాయని చాలాకాలం అనుకున్నారు. ఆ చూరును కాస్త చెక్కేసే ఆపరేషన్లు ప్రపంచమంతటా లెక్కలేనన్ని జరిగాయి. బ్రిటన్‌లో కొందరు డాక్టర్లు దీన్ని పరీక్షకు పెట్టారు. కొందరికి నిజంగానే ఎముక చెక్కారు. కొందరికి లోపల కెమెరాతో చూసి ఊరుకున్నారు. 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. రెండు గుంపులవాళ్ళకూ ఉపశమనం దాదాపు ఒకేలా ఉంది. అంటే చూరు ఒక్కటే దోషి కాదన్నమాట. టెండన్ తట్టుకోగలిగిన దానికన్నా ఎక్కువ పని, అలవాటు లేని కోణంలో, విశ్రాంతి లేకుండా పెట్టడం కూడా అంత దోషమే. అందుకే నేను కత్తి గురించి కాకుండా దారి గురించి మాట్లాడుతున్నాను.

ఇప్పుడు ఒక్కసారి సిడ్నీ వెళదాం. 2000 సంవత్సరం, సెప్టెంబరు నెల. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో, ఒకే ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110 కిలోలు, రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తింది. మొత్తం 240. కాంస్యం వచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం అమ్మాయి. ఈ సంగతి మీకందరికీ తెలుసు. నేను మిమ్మల్ని చూడమంటున్నది పతకాన్ని కాదు, ఆ 110 కిలోలు తలపైన ఉన్న క్షణాన్ని.

తన ఒంటి బరువుకు ఒకటిన్నర రెట్లు. అది చేతుల చివర, తలకు పైన. ఇందాక చెప్పుకున్న లోతులేని గుంటల మీద. మరి కీలు ఎందుకు జారలేదు?

ఇంకో చిన్న పరీక్షతో చూద్దాం. ఒక లీటరు నీళ్ళ సీసా తీసుకుని గుండెకు ఆనించి పట్టుకోండి. ఎంతసేపైనా పట్టుకోవచ్చు. అదే సీసాను చెయ్యి ముందుకు బారుగా చాపి పట్టుకోండి. కాసేపటికే భుజం వణుకుతుంది. సీసా బరువు పెరగలేదు. భుజం నుంచి దాని దూరం పెరిగింది. భుజం కండరాలు కీలుకు బాగా దగ్గరగా అతుక్కుని ఉంటాయి కాబట్టి, దూరంగా ఉన్న కిలో బరువును నిలబెట్టడానికి అవి ఎన్నో రెట్ల బలంతో లాగాలి. మూడో పరీక్ష మీరే ఊహించండి. ఆ సీసాను తలపైన, చెయ్యి నిటారుగా చెవి పక్కన పెట్టి పట్టుకుంటే? మళ్ళీ తేలిక. ఎముక మీద ఎముక నిలబడి బరువు మోస్తుంది. కండరాలకు దాన్ని తిన్నగా నిలబెట్టే పనే మిగులుతుంది.

స్నాచ్ చేసేవాళ్ళ విద్య అంతా ఇదే. బార్ నేల నుంచి లేచేటప్పుడు ఒంటికి రాసుకున్నంత దగ్గరగా రావాలి. ముందుకు విల్లులా వంగి వచ్చిందా, తలపైకి చేరేసరికి అది వెనక్కి విసురుగా వెళుతుంది. ఆ విసురును ఆపాల్సింది భుజమే. సరిగ్గా వస్తే, మల్లీశ్వరి బార్ కిందికి గొంతు కూర్చుంటుంది. మోచేతులు బిగుస్తాయి. భుజాలు చెవుల వైపు లేస్తాయి, అంటే రెక్క ఎముకలు తిరిగి గుండు కిందికి వస్తాయి. బార్ తల వెనుక భాగానికి పైన, పాదాల నడిమికి సరిగ్గా నిలువుగా ఉంటుంది. పక్క నుంచి చూస్తే బార్, భుజం, పాదం నడుమ ఒకే గీతలో ఉంటాయి. ఆ గీతలో ఉన్నంతసేపు 110 కిలోలు నిలుస్తాయి. గీత తప్పితే యాభై కిలోలకే భుజం కేక పెడుతుంది.

అదే పోటీలో చివరికి ఆమె స్వర్ణం కోసం 137.5 కిలోలకు ప్రయత్నించింది. కుదరలేదు. బార్ కింద పడింది. పడనివ్వడం కూడా నేర్చుకునే విద్యే, దీన్ని మన జిమ్‌లలో ఎవరూ నేర్పరు. గీత తప్పిన బార్‌ను వదిలేసి పక్కకు తప్పుకోవాలి. పంతానికి పోయి పట్టుకుంటే కీలు మూల్యం చెల్లిస్తుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో హంగరీ ఆటగాడు యానోష్ బరన్యాయ్ 148 కిలోల స్నాచ్ చేస్తూ మోచేయి కీలు జారి వేదిక మీదే పడిపోయాడు. అంతటివాళ్ళకే ఒక్క క్షణంలో అలా అవుతుంది.

వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చాను కథ ఇంకా దగ్గరిది. టోక్యో ఒలింపిక్స్‌కు ముందు ఆమెను భుజం, వీపు ఇబ్బందులు వేధించాయి. స్నాచ్ ముందుకు సాగడం లేదు. 2020లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు వెళ్ళి, ఆరన్ హార్షిగ్ అనే ఫిజికల్ థెరపిస్టు దగ్గర పని చేసింది. ఆయన కూడా ఒకప్పుడు బరువులు ఎత్తినవాడే. భుజాల్లో ఉన్న అసమతూకం సరిచేసుకుంది, కదలికను సరిదిద్దుకుంది. 2021 ఏప్రిల్‌లో తాష్కెంట్‌లో క్లీన్ అండ్ జెర్క్‌లో 119 కిలోలు ఎత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. ఆ జులైలోనే టోక్యోలో రజతం. ప్రపంచ చాంపియన్ అయ్యాక కూడా ఆమె కదలిక దగ్గరికే తిరిగి వెళ్ళిందని గమనించండి.

సరే, ఒలింపిక్స్ మనకెందుకు, మన వీధి చివరి జిమ్‌కి వద్దాం.

సోమవారం సాయంత్రం ఏ జిమ్‌కైనా వెళ్ళండి. బెంచీ ఖాళీగా ఉండదు. సోమవారం ఛాతీ రోజు. ఎవరు నిర్ణయించారో తెలియదుగాని దేశమంతా అదే ఆచారం. బెంచీ మీద పంతొమ్మిది, ఇరవై ఏళ్ళ కుర్రాడు. పక్కన "ఇంకొక్కటి అన్నా, ఇంకొక్కటి" అని అరిచే స్నేహితుడు. బార్‌ను చాలా వెడల్పుగా పట్టుకున్నాడు. మోచేతులు రెండూ భుజాలకు సమానంగా పక్కకు పరిచేశాడు. పైనుంచి చూస్తే ఒళ్ళూ చేతులూ ఇంగ్లీషు టీ అక్షరంలా ఉన్నాయి. బార్ గొంతు వైపు దిగుతోంది. కిందికి వచ్చి ఎముకల మీద కొట్టుకుని ఎగురుతోంది.

అక్కడ కీలులో ఏం జరుగుతోంది? బార్ అడుగుకు వచ్చినప్పుడు మోచేతులు వీపు కన్నా కిందికి దిగాయి. చేతి గుండు ముందుకు తోసుకొస్తోంది. కీలు ముందువైపు సంచి సాగుతోంది. పైగా బార్‌ను పట్టుకున్న చేతులు భుజాలకు దూరంగా ఉన్నాయి. ఇందాకటి సీసా గుర్తుందా? దూరం పెరిగిన కొద్దీ భారం పెరుగుతుంది. ఒక రోజుకు ఏమీ కాదు. ఆరు నెలలు పోయాక కుర్రాడు భుజం ముందువైపు వేలు పెట్టి "ఇక్కడ, లోపల" అంటాడు. ఇంకొందరికి నొప్పి పైన, కాలర్ ఎముక చివర వస్తుంది. విశ్రాంతి లేకుండా నెట్టినవాళ్ళలో ఆ ఎముక కొన మెల్లగా అరుగుతుంది. భారీ బెంచ్ ప్రెస్ చేసేవాళ్ళలో డాక్టర్లు తరచుగా చూసే ఇబ్బంది ఇది. ఛాతీ కండరం తెగిన కేసులు కూడా ఎక్కువగా ఈ బెంచీ మీదే జరుగుతాయి. అదీ ఎత్తేటప్పుడు కన్నా దించేటప్పుడు.

సరైన దారి ఏమిటి? నిదానంగా వినండి. బార్ తీయకముందే రెండు రెక్క ఎముకలనూ వెనక్కి దగ్గరికి లాగి, కాస్త కిందికి దించి, బెంచీకి నొక్కండి. చెంచా ముందు స్థిరంగా ఉండాలి. పట్టు భుజాల వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దాటకూడదు. మోచేతులు పూర్తిగా పక్కకు పోకూడదు, పూర్తిగా ఒంటికి అతుక్కోనూకూడదు. మధ్యలో ఉండాలి. బార్ ఛాతీ కింది భాగానికి దిగాలి. ముంజేయి నిటారుగా ఉండాలి. దించేటప్పుడు మీరే దించండి, దాన్ని పడనివ్వకండి.

మళ్ళీ చెబుతున్నాను. రెక్కలు వెనక్కి. మోచేతులు మధ్యలో. బార్ ఛాతీ కింది భాగానికి. ఈ మూడే.

ఇలా చేస్తే మొదట్లో ఎత్తే బరువు తగ్గుతుంది. కుర్రాళ్ళకు ఇదే మింగుడుపడదు. పక్కవాడి ముందు ప్లేట్లు తీయడం నామోషీ. నేనైతే ప్లేటు తీసినవాడినే తెలివైనవాడంటాను.

ఇంకో అలవాటు, బార్‌ను మెడ వెనక్కి దించి భుజాల ప్రెస్ చేయడం. పాత సినిమా పోస్టర్ల కాలం నుంచీ వస్తున్నదే. చెయ్యి పక్కకు లేచి వెనక్కి తిరిగి ఉన్నప్పుడు భుజం తన కదలిక చివరి అంచున ఉంటుంది. ఆ అంచు మీద బరువు పెడుతున్నారు. చిన్నప్పటి నుంచీ సాధన చేసిన వెయిట్‌లిఫ్టర్లు చేయగలరు, వాళ్ళ భుజాలకు ఆ వెసులుబాటు ఉంది. రోజంతా కంప్యూటర్ ముందు వీపు వంచి కూర్చునే మనకు లేదు. మెడ ముందు నుంచి ఎత్తండి. తలమీది నుంచి లాగే మెషీన్‌ను కూడా ఛాతీ వైపే లాగండి.

పక్కకు డంబెళ్ళు ఎత్తే కసరత్తులో చివర చిటికెన వేలు పైకి రావాలని కొందరు ట్రైనర్లు చెబుతారు. నీళ్ళు ఒంపినట్టు ఒంపమంటారు. మనం మొదట చేసిన పరీక్షలో బిగిసిపోయిన భంగిమ అదే. బొటనవేలు పైకే ఉంచండి. చేతుల్ని సరిగ్గా పక్కకు కాకుండా కాస్త ముందుకు చాపి ఎత్తండి. రెక్క ఎముక చూసే దిక్కు అదే, కీలుకు సుఖం ఆ దిక్కులోనే ఉంది.

ఇక అద్దం సంగతి. అద్దంలో కనిపించేవి ఛాతీ, జబ్బలు. రోజూ తోసే కసరత్తులే చేస్తే ముందువైపు బిగుసుకుపోయి భుజాలు ముందుకు వంగుతాయి. ఒకసారి తోస్తే ఒకసారి లాగండి. వంగి బార్‌ను పొట్ట వైపు లాగే రోయింగ్, తాడును ముఖం వైపు లాగే కసరత్తు, ఇవి ఆ కనిపించని చిన్న కండరాలకు తిండి. దండీలు కూడా మంచివే. బెంచీ మీద రెక్క ఎముకలు ఒంటి బరువు కింద నలిగి కదలలేవు. దండీలు తీసేటప్పుడు అవి స్వేచ్ఛగా తిరుగుతాయి. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన నేల మనది. ఇక్కడి తాలింఖానాలకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

వెయిట్‌లిఫ్టింగ్ కోచ్‌లు కొత్తపిల్లల చేతికి మొదట ఉత్త కర్ర ఇస్తారు. కర్రతో దారి కుదిరాకే ఇనుము. మన జిమ్‌లో మొదటి రోజే ప్లేట్లు పడతాయి. తేడా ఇక్కడే మొదలవుతుంది.

అమ్మా, మేం జిమ్‌కి వెళ్ళం, మాకెందుకీ గోల అనుకుంటున్నారేమో. అటక మీదికి పెట్టె ఎక్కించేటప్పుడు, బస్సులో బ్యాగు పైకి పెట్టేటప్పుడు మీరు చేసేదీ ఇదే. చేతులు చాపి దూరం నుంచి తోయకండి. దగ్గరగా జరగండి. పెట్టెను ముందు ఛాతీకి ఆనించుకోండి. పీట వేసుకుని ఎత్తు తగ్గించుకుని, అప్పుడు పైకి నెట్టండి.

నొప్పి గురించి రెండు మాటలు. కసరత్తు చేసిన మర్నాడు కండ మొత్తం సలిపితే భయం లేదు, రెండు మూడు రోజుల్లో పోతుంది. కీలు లోపల ఒకచోట గుచ్చినట్టుంటే, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతే, చెయ్యి ఎత్తబోతే బలం చాలకపోతే, ఎత్తుతుండగా టప్‌మని శబ్దం వచ్చి కమిలిపోతే, చెయ్యి తిమ్మిరెక్కుతుంటే డాక్టరును కలవండి. సూది వేయించుకుని నొప్పి తెలియకుండా మర్నాడే మళ్ళీ బార్ పట్టకండి. నలభై దాటినవాళ్ళు, ముఖ్యంగా షుగరున్నవాళ్ళు, భుజం రోజురోజుకీ బిగుసుకుపోతుంటే అది బరువుల వల్లే అనుకోకండి, చూపించుకోండి. ఎడమ భుజం నొప్పితో పాటు చెమటలు, ఆయాసం ఉంటే అది భుజం గొడవ కాకపోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

చివరిగా జిమ్‌కి వెళ్ళే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పని చెబుతాను. రేపు మీ స్నేహితుడికి ఫోన్ ఇచ్చి, మీరు బరువు ఎత్తుతుండగా పక్క నుంచి వీడియో తీయమనండి. ముందు నుంచి తీస్తే కండలు కనిపిస్తాయి, పక్క నుంచి తీస్తేనే దారి కనిపిస్తుంది. తలపైకి ఎత్తినప్పుడు బార్ భుజానికి సరిగ్గా పైన ఉందా, ముందుకు పోయిందా చూసుకోండి. ముందుకు పోయి ఉంటే ఆ రోజుకు రెండు ప్లేట్లు తీసేయండి.